పాత లెన్సు.. కొత్త కెమెరా.. మధ్యలో మా పెద్దనాన్న

ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ పెట్టి, జడలో మల్లెపూలు పెట్టుకున్న అమ్మాయిని ఎప్పుడైనా ఫొటో తీశారా? ఈసారి ఆ ఫొటోని రెండు వేళ్లతో పెద్దది చేసి చూడండి. ముఖం బాగానే ఉంటుంది. వెనకాల గోడ మెత్తగా మసకబారి అందంగానే ఉంటుంది. చిక్కంతా అంచుల్లోనే. చెవి పక్కన ఎగిరే వెంట్రుకలు సగంలో తెగిపోయి ఉంటాయి. పూలచెండు చివర రెండు మూడు మల్లెలు గోడలో కలిసిపోయి ఉంటాయి. ఎందుకంటే ఆ మసక అద్దంలోంచి వచ్చింది కాదు, లెక్కలోంచి వచ్చింది. ఏది మనిషి, ఏది గోడ అని ఫోన్ ఒక అంచనా వేసుకుని, గోడ అనుకున్నదాన్నల్లా చెరిపేస్తుంది.

అసలు మసక కావాలంటే పెద్ద అద్దం ఉండాలి. వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం పెద్దగా ఉండాలి. దాని వెనక సెన్సర్ కూడా పెద్దదే ఉండాలి. అంటే కెమెరా, దానికో మంచి లెన్సు. కెమెరా సంగతి ఎలాగోలా అవుతుంది, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. లెన్సు రేటు చూసినప్పుడే మనలాంటివాళ్లకి గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టవుతుంది.

నా దగ్గరున్నది సోనీ ఏ6000. 2014లో వచ్చిన మోడల్. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాక సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. దాంతోపాటు ఒక చిన్న కిట్ లెన్సు వచ్చింది. జూమ్ పూర్తిగా లాగితే దాని రంధ్రం ఎఫ్5.6 దగ్గర ఆగిపోతుంది. పగటిపూట పర్వాలేదు. సాయంత్రం పెళ్లి పందిట్లోకి వెళ్తే చేతులెత్తేస్తుంది. అదే ఎఫ్2 లెన్సు అయితే, ఎఫ్5.6తో పోలిస్తే ఎనిమిది రెట్ల వెలుతురు లోపలికి రానిస్తుంది. ఎనిమిది రెట్లంటే, మసక చీకట్లో ఫొటో వస్తుందా రాదా అనేది తేల్చేసేంత తేడా.

అలాంటి ఎఫ్2 లెన్సొకటి నరసరావుపేటలో మా పెద్దనాన్న ఇంట్లో ఉంది. బీరువా మీద, బిస్కెట్ డబ్బాలో, పాత బనీను గుడ్డలో చుట్టి.

డబ్బాలో ఏముంది?

పెద్దనాన్న నరసరావుపేటలో ముప్పై ఏళ్లు ఫొటో స్టూడియో నడిపాడు. పాస్‌పోర్టు ఫొటోలు, స్కూలు గ్రూపు ఫొటోలు, పెళ్లి ఆల్బమ్‌లు, చనిపోయినవాళ్ల ఫొటోలకి టచింగ్.. అన్నీ చేశాడు. డిజిటల్ వచ్చినప్పుడు కొన్నాళ్లు తట్టుకున్నాడు. అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాక షట్టర్ దించేశాడు. ఆ తర్వాత కెమెరా ముట్టుకోలేదు. పెళ్లిళ్లకి వెళ్తే ఫొటోగ్రాఫర్‌కి ఎంత దూరంగా కుర్చీ దొరికితే అక్కడ కూర్చునేవాడు.

పోయిన వేసవిలో ఇంటికి రంగులేయిస్తూ సామానంతా దించినప్పుడు ఆ డబ్బా బయటికొచ్చింది. అందులో రెండు కెమెరాలు, రెండు లెన్సులు. కెమెరాలు రెండూ బిగుసుకుపోయాయి. లెన్సుల రింగులు మాత్రం నెయ్యి రాసినట్టు తిరుగుతున్నాయి.

ఒకటి హీలియోస్ 44-2. సోవియట్ యూనియన్‌లో తయారైంది. 58 మిల్లీమీటర్లు, ఎఫ్2. జర్మనీ జైస్ కంపెనీ వాళ్ల బయోటార్ లెన్సు డిజైన్‌ని ఆధారం చేసుకుని రష్యన్లు దీన్ని చేశారు. జెనిత్ కెమెరాలతో పాటు లక్షల సంఖ్యలో ప్రపంచమంతా తిరిగింది. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు మన ఇళ్లకి వచ్చిన కాలంలోనే ఈ కెమెరాలూ మన స్టూడియోల్లోకి వచ్చాయి. ఈ లెన్సుల మీద సీరియల్ నంబర్లో మొదటి రెండు అంకెలు సాధారణంగా తయారైన ఏడాదిని చెబుతాయి. పెద్దనాన్న లెన్సు నంబర్ 79తో మొదలవుతుంది. అంటే నాకంటే పెద్దది. వరసకి అన్నయ్య అవుతుంది.

రెండోది జపాన్‌ది. అసాహీ పెంటాక్స్ కంపెనీ సూపర్ టకుమార్. 50 మిల్లీమీటర్లు, ఎఫ్1.4. బంగారంలాంటి లెన్సు. ఆ మాట రంగుకి కూడా సరిపోయింది, ఎందుకంటే దాని గాజు తేనె రంగులోకి మారిపోయింది.

"పారేద్దామనుకుంటే మీ పెద్దమ్మ పప్పుల డబ్బా చేసిద్దని దాచిపెట్టా" అన్నాడు పెద్దనాన్న.

"ఆ డబ్బా ఇస్తే నిజంగానే చేసేదాన్ని" అంది వంటింట్లోంచి పెద్దమ్మ.

ఇరవై ఏడున్నర మిల్లీమీటర్ల ఖాళీ

పాత లెన్సు కొత్త కెమెరాకి ఎలా తగులుతుందనే ప్రశ్న మీకు వచ్చే ఉంటుంది. పెద్దనాన్నకీ అదే వచ్చింది.

ఆ రెండు లెన్సులూ వేర్వేరు దేశాలవి. వెనక మర మాత్రం రెండింటికీ ఒకటే. 42 మిల్లీమీటర్ల వెడల్పు, మర చుట్టుకీ చుట్టుకీ మధ్య ఒక మిల్లీమీటరు. దీన్ని ఎం42 అంటారు. 1949లో జర్మనీలో వచ్చిన కాంటాక్స్, ప్రాక్టికా కెమెరాల నుంచి ఇది ఊరూరా పాకింది. రష్యన్లూ వాడారు, జపాన్ వాళ్లూ వాడారు. సీసా మూత తిప్పినట్టు తిప్పి బిగించడమే.

ప్రతి లెన్సూ తన వెనక ఇంత దూరంలో ఫిల్ము ఉంటుందని లెక్కేసి తయారవుతుంది. ఎం42 లెన్సులకి ఆ దూరం 45.46 మిల్లీమీటర్లు. అంత దూరం ఎందుకంటే, పాత కెమెరాల్లో లెన్సుకీ ఫిల్ముకీ మధ్య ఒక అద్దం పైకీ కిందికీ ఆడుతూ ఉండేది. దానికి చోటు కావాలి. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఆ అద్దమే లేదు. నా సోనీలో లెన్సు బిగించే చోటు నుంచి సెన్సర్ దాకా 18 మిల్లీమీటర్లే. నలభై అయిదున్నరలోంచి పద్దెనిమిది తీసేస్తే ఇరవై ఏడున్నర. ఆ మందంలో ఓ బోలు గొట్టం, ఒక వైపు సోనీ పట్టు, ఇంకో వైపు 42 మర. అదే అడాప్టర్. అందులో గాజు లేదు, వైరు లేదు, చిప్పు లేదు. నలుగురం కలిసి కొత్త సినిమాకెళ్లి పాప్‌కార్న్ తినొచ్చేంత ఖర్చులో వచ్చేసింది. ఒకే అడాప్టర్ రెండు లెన్సులకీ పనికొచ్చింది.

ఇక్కడొక జాగ్రత్త. అన్ని కెమెరాలకీ ఈ లెక్క కుదరదు. నికాన్ పాత డీఎస్ఎల్ఆర్‌లలో ఆ దూరం 46.5 మిల్లీమీటర్లు, అంటే లెన్సు అడిగిన దూరం కంటే ఒక మిల్లీమీటరు ఎక్కువ. మధ్యలో అదనపు గాజు లేని మామూలు అడాప్టర్ పెడితే దగ్గరివి కనబడతాయి, దూరంగా ఉన్నవి ఎంత తిప్పినా స్పష్టంగా రావు. కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లలో అది 44 మిల్లీమీటర్లు, కాబట్టి సన్నటి రింగు సరిపోతుంది. మిర్రర్‌లెస్ అయితే ఏ కంపెనీదైనా దాదాపు దిగులు లేదు. ఈ పాత లెన్సుల పిచ్చి మళ్లీ ఊపందుకుంది కూడా అందుకే. 2008లో పానాసోనిక్ జీ1, 2010లో సోనీ నెక్స్ కెమెరాలు వచ్చి ఆ అద్దాన్ని తీసేశాక, బీరువాల మీది లెన్సులన్నింటికీ తలుపులు తెరుచుకున్నాయి.

సినిమావాళ్లకి ఇది కొత్తేం కాదు. 1975లో వచ్చిన 'బారీ లిండన్' కోసం స్టాన్లీ కుబ్రిక్ కొవ్వొత్తుల వెలుగులో సీన్లు తీయాలనుకున్నాడు. అంత తక్కువ వెలుతురుకి సినిమా లెన్సులు చాల్లేదు. నాసా కోసం జైస్ తయారుచేసిన ఎఫ్0.7 లెన్సులు సంపాదించి, తన మిచెల్ కెమెరాకి తగిలేలా మార్పించుకున్నాడు. 2022లో వచ్చిన 'ద బ్యాట్‌మన్'లో కెమెరామన్ గ్రెగ్ ఫ్రేజర్ కొన్ని షాట్లకి వాడింది ఈ హీలియోస్ లెన్సునే. బ్యాట్‌మన్‌కి పనికొచ్చింది మనకి పనికిరాదా?

గాజుకి శుక్లం

టకుమార్ పసుపు రంగు సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో కొన్ని లెన్సుల గాజులో థోరియం కలిపేవాళ్లు. గాజు వెలుతురుని బాగా వంచుతుంది, రంగులు చెదరవు. థోరియానికి స్వల్పంగా రేడియోధార్మికత ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ కిరణాలే లోపల గాజుని పసుపు రంగులోకి మారుస్తాయి. లెన్సుని మామూలుగా వాడుకుంటే భయపడాల్సింది లేదుగానీ, గాజుని అరగదీయడం, పగలగొట్టడం లాంటి ప్రయోగాలు చేయకూడదు. దిండు కింద పెట్టుకుని పడుకునే వస్తువూ కాదు.

దీనికి వైద్యం ఎండ. అతినీలలోహిత కిరణాలు తగిలితే ఆ పసుపు క్రమంగా విరుగుతుంది. పల్నాడులో ఎండకేం కరువు? ఆంధ్రాలో ఎండల వార్త వచ్చిందంటే అందులో రెంటచింతల పేరు ఉండాల్సిందే కదా. అయితే లెన్సుని నేరుగా ఎండలో పెడితే అది భూతద్దం పని చేసి కింద ఉన్నదాన్ని కాల్చేస్తుంది. లోపలి గ్రీజు కరిగి బ్లేడ్ల మీదికి వస్తుంది. అందుకని కిటికీ దగ్గర, వెనక వంటింటి అల్యూమినియం రేకు పెట్టి, రోజుకి కొన్ని గంటలే ఉంచాం. నేను హైదరాబాద్‌లో ఉంటాను కాబట్టి ఆ డ్యూటీ పెద్దనాన్న తీసుకున్నాడు. పొద్దున పెట్టడం, వేడెక్కితే తీయడం, వారానికోసారి తెల్లకాగితం మీద పెట్టి ఫొటో తీయించి నాకు వాట్సాప్ చేయించడం.

"దీనికీ శుక్లం వచ్చిందిరా, నాకులాగే" అన్నాడు ఓ రోజు ఫోన్లో.

ఆయనకి కంట్లో శుక్లం ఉన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎదురుగా వచ్చే మనిషిని గొంతు విని గుర్తుపట్టే దాకా వచ్చిందట. కళ్లతో బతికిన మనిషి, కళ్లు పోతుంటే నోరు మెదపలేదు. "స్టూడియో లేదు కదా, ఇంక చూసి చేసేదేముందని" అన్నాడు. ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

లెన్సు తేటబడుతున్న కొద్దీ ఆయన్ని ఒప్పించడం తేలికైంది. వానాకాలం మొదట్లో గుంటూరులో ఆపరేషన్ చేయించాం. కంట్లో సహజంగా ఉండే లెన్సు కూడా వయసుతోపాటు పసుపుబారుతుంది, మసకేస్తుంది. దాన్ని తీసేసి చిన్న కృత్రిమ లెన్సు పెడతారు. లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు మొదటిసారి మనిషి కంట్లో అలాంటి లెన్సు పెట్టింది కూడా 1949లోనే. కట్టు విప్పాక పెద్దనాన్న అన్న మొదటి మాట, "ఈ గోడేంది ఇంత తెల్లగా ఉంది?" అని. రెండో మాట పెద్దమ్మతో, "ఈ చీర నీలమా? బూడిద రంగనుకుంటన్నా ఇన్నాళ్లూ."

బారల లెక్క

ఆపరేషన్ తర్వాత దూరం బాగా కనబడుతుంది. మామూలుగా పెట్టే కంటి లెన్సు ఒకే దూరానికి కుదిరి ఉంటుంది కాబట్టి దగ్గరివి చూడాలంటే కళ్లజోడు తప్పదు. నా కెమెరా ఇస్తే ఆయన అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కిచ్చేశాడు. చిన్న తెరమీద చీమల్లాంటి ఇంగ్లిషు అక్షరాలు. బటన్ సగం నొక్కితే పచ్చ డబ్బాలు అటూ ఇటూ గెంతుతాయి. "ఇది నా మాట వినదురా" అన్నాడు.

తేటబడిన టకుమార్ బిగించి మళ్లీ ఇచ్చాను. నేనేం చెప్పలేదు. ఎడమ అరచేతిని లెన్సు కింద పెట్టి, బొటనవేలు, చూపుడువేలితో రింగు పట్టుకున్నాడు. ఎఫ్ నంబర్ రింగుని చూడకుండానే టిక్, టిక్, టిక్ మని మూడు మెట్లు తిప్పాడు. ఎక్కడ ఆగిందో చెప్పాడు. నేను చూస్తే సరిగ్గా అక్కడే ఉంది.

కార్తీకంలో కారంపూడి తిరునాళ్లకి వెళ్లాం. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధంలో చనిపోయిన వీరుల కోసం ఏటా నాగులేటి ఒడ్డున అయిదు రోజులు జరిగే ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఆయుధాలు పట్టుకుని వచ్చే వీరాచారవంతులు, డప్పులు, దుమ్ము, తోపులాట. ఆటోఫోకస్ అలాంటి చోట తికమక పడుతుంది. ఎవరో చెయ్యి అడ్డం పెడితే చేతి మీదికి పోతుంది, తల అడ్డమొస్తే తల మీదికి పోతుంది.

పెద్దనాన్న అసలు ఫోకస్ చూడనే లేదు. "ఎనిమిది మీద పెట్టు, రెండు బారలకి పెట్టు, ఇంక ముట్టుకోమాక" అన్నాడు. ఎనిమిదంటే ఎఫ్8. బారంటే చేతులు రెండూ బార్లా చాపినంత, సుమారు ఆరడుగులు. రెండు బారలంటే పన్నెండు అడుగులు. టకుమార్ మీద అడుగుల లెక్క చెక్కి ఉంటుంది, పదికీ పదిహేనుకీ మధ్యలో ఆపాడు. ఆ లెన్సుని ఎఫ్8 దగ్గర పన్నెండు అడుగులకి పెడితే, నా కెమెరా మీద దాదాపు పది నుంచి పదిహేను అడుగుల మధ్య ఉన్నదంతా స్పష్టంగా వస్తుంది. ఇక ఆయన పనల్లా మనిషికీ తనకీ మధ్య రెండు బారలు ఉండేలా నిలబడటమే. ఆ మనిషి ముందుకొస్తే తను వెనక్కి, వెనక్కిపోతే తను ముందుకి. గుంపులో నీళ్లలా కదులుతున్నాడు. నేను చూసిన పెద్దనాన్న కుర్చీలో కూర్చునే పెద్దనాన్నే. ఇలా కదిలే పెద్దనాన్నని అదే చూడటం.

మధ్యమధ్యలో నన్ను అడుగుతాడు, "ఇంకా ఎన్ని మిగిలినై?" అని. రోల్లో ముప్పై ఆరే ఉండే రోజుల అలవాటు. "పద్నాలుగొందలు" అంటే నమ్మడు. పొదుపుగానే తీశాడు. సాయంత్రానికి ఆయన తీసినవి ముప్పై ఒకటి, నేను ఫోన్‌తోనూ కిట్ లెన్సుతోనూ తీసినవి ఆరువందల చిల్లర. ఇంటికొచ్చి చూస్తే ఆయన ముప్పై ఒకటిలో ఇరవై ఆల్బమ్‌లో పెట్టుకునేవే. నావాటిలోనూ ఇరవై ఏరాను, కానీ అందుకు రెండు రాత్రులు పట్టింది.

ఇంకొకటి గమనించాను. చిప్పు లేని లెన్సు కాబట్టి కెమెరాకి తన ముందు ఏముందో తెలియదు. తెర మీద ఎఫ్ పక్కన రెండు గీతలు చూపించి ఊరుకుంటుంది. ఏ ఫొటో ఏ ఎఫ్ దగ్గర తీశామో ఫైల్లో నమోదు కాదు. అది చెబితే పెద్దనాన్న, "మేమేమన్నా అడిగామా దాన్ని?" అని జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. ఒకటి: 8, రెండు బారలు, ఎండ. రెండు: 8, రెండు బారలు, నీడ. పదేళ్ల పైచిలుకు తర్వాత మళ్లీ రాస్తున్నాడు.

ప్రభల వెలుగులో హీలియోస్

హీలియోస్‌కి అసలు పండగ మహాశివరాత్రి రోజు కోటప్పకొండలో. మీలో పల్నాడు వాళ్లకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం: చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు తాటిచెట్టుని మించిన ఎత్తున ప్రభలు కట్టి, వాటికి వేల బల్బులు తగిలించి త్రికోటేశ్వరుడి కొండ కిందికి తీసుకొస్తారు. రాత్రంతా కిందంతా రంగుల వెలుతురే.

హీలియోస్‌ని ఎఫ్2 దగ్గర పూర్తిగా తెరిచి, రెండు గజాల దూరంలో ఉన్న మనిషి మీద ఫోకస్ చేస్తే, వెనకాల ప్రభ మీది ఒక్కో బల్బూ పెసరట్టులా గుండ్రంగా విచ్చుకుంటుంది. మధ్యలో గుండ్రం, అంచులకి పోయేకొద్దీ కోడిగుడ్డులా సాగుతుంది. దాంతో ఆ దీపాలన్నీ మనిషి చుట్టూ తిరుగుతున్నట్టు కనబడుతుంది. ఈ లెన్సుకి పేరొచ్చింది దీనితోనే. నిజానికి ఇది డిజైన్‌లోని లోపమే. కొత్త లెన్సులు దీన్ని సరిదిద్దేశాయి, మనం ఇప్పుడు దాన్ని వెతుక్కుంటూ వెనక్కి పోతున్నాం. నా కెమెరా సెన్సర్ ఫిల్ముకంటే చిన్నది కాబట్టి అంచులు కొంత కోసుకుపోతాయి, ఆ తిరగడం కాస్త తగ్గుతుంది. 58 మిల్లీమీటర్ల లెన్సు 87 లాగా దగ్గరికి చూపిస్తుంది. ముఖాలకి అది బాగా నప్పుతుంది.

అన్నీ పొగడ్తలే చెబితే అది అడ్వర్టైజ్‌మెంట్ అవుతుంది. బల్బులు నేరుగా లెన్సులోకి కొడితే ఫొటో అంతా పాలు పోసినట్టు తెల్లబారింది. పాత పూతలు ఈ కాలపు ఎల్‌ఈడీల ధాటికి ఆగవు. "చెయ్యి అడ్డం పెట్టరా" అని పెద్దనాన్న తన అరచేతిని లెన్సు పైన గొడుగులా పట్టాడు. వెంటనే నలుపు నలుపులా, ఎరుపు ఎరుపులా వచ్చాయి. అలాగే, ఎఫ్2 దగ్గర ఫోకస్ ఉండే మందం చాలా తక్కువ. తెర మీద పెద్దది చేసి కంటిపాప చూసుకుని నొక్కాలి. కదిలే పిల్లల్ని పట్టుకోవడం కష్టం. డబ్బు తీసుకుని చేసే పెళ్లికి ఈ ఒక్క లెన్సునే నమ్ముకుని వెళ్లమని నేను చెప్పను. తాళి కట్టేది ఒక్కసారే. అక్కడ ఆటోఫోకస్ పెట్టుకోండి, పాత లెన్సుతో పెళ్లికూతురి జడని తీయండి.

ఆ రాత్రి అన్నయ్య కూతురు తాతయ్య పక్కన నిలబడి పీచుమిఠాయి తింటుంటే ఒక ఫొటో తీశాను. దాని జుట్టు రేగిపోయి ఉంది. ఎర్ర, పచ్చ బల్బుల ముందు ఒక్కో వెంట్రుకా విడివిడిగా కనబడుతోంది. ఏ లెక్కా దాన్ని కత్తిరించలేదు. మా ఫ్యామిలీ గ్రూపులో ఇప్పటికీ అదే డీపీ.

మీ ఇంట్లో కూడా ఉంటే

మీ తాతయ్యకో, మేనమామకో కెమెరా ఉండేదంటే ముందు బీరువా పైన, అటక మీద వెతకండి. లెన్సు దొరికితే వెనక భాగం చూడండి. సన్నటి మరలుంటే బహుశా ఎం42. మరలు లేకుండా మూడు రెక్కల్లాంటి పట్లు ఉంటే వేరే రకం. లెన్సు మీద రాసిన పేరుతో వెతికితే దాని అడాప్టర్ దొరుకుతుంది.

ఫోన్ టార్చి వేసి లెన్సులోపలికి ఏటవాలుగా చూడండి. సాలెగూడులా తెల్లటి నూలు పోగులు కనబడితే అది బూజు. కొద్దిగా ఉంటే ఫొటోలో పెద్దగా తెలియదు. ఎక్కువుంటే మీరు విప్పకండి. హైదరాబాద్ కోఠి లాంటి చోట్ల పాత కెమెరాలు బాగుచేసేవాళ్లు ఇంకా ఉన్నారు. బూజు మళ్లీ రాకుండా గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి.

కెమెరా సెట్టింగుల్లో 'లెన్సు లేకుండా షట్టర్ విడుదల' అనే ఆప్షన్ ఆన్ చేయాలి. చిప్పు లేదు కాబట్టి కెమెరా లెన్సే లేదనుకుంటుంది. ఫోకస్ పీకింగ్ ఆన్ చేస్తే స్పష్టంగా ఉన్న అంచులు రంగులో మెరుస్తాయి. టకుమార్ లాంటి లెన్సుల పక్కన ఏ, ఎం అని చిన్న మీట ఉంటుంది. దాన్ని ఎం వైపు పెట్టాలి, లేకపోతే రింగు ఎంత తిప్పినా లోపలి బ్లేడ్లు కదలకపోవచ్చు.

ఇవన్నీ వీడియోల్లో కూడా దొరుకుతాయి. వీడియోల్లో దొరకనిది రెండు బారల లెక్క. అరచేతి గొడుగు. చూడకుండా మూడు మెట్లు తిప్పే వేళ్లు. అవి ఆ లెన్సు వాడిన మనిషి దగ్గరే ఉన్నాయి. నా కెమెరాలోని మెనూలు ఆయనకి అక్కర్లేదు, ఆయన వేళ్లకున్న జ్ఞానం నాకు లేదు. మా ఇద్దరికీ చెయ్యి కలిసిన చోటు ఆ పాత రింగొక్కటే. గాజు ఇంకో యాభై ఏళ్లయినా ఆగుతుంది. దాన్ని వాడిన మనిషికి ఆ హామీ లేదు. లెన్సు దొరగ్గానే ఆన్‌లైన్‌లో రేటెంతో చూసే ముందు, దాన్ని ఆ మనిషి చేతిలో పెట్టి ఊరికే కాసేపు పక్కన కూర్చోండి. మాటలు వాటంతటవే వస్తాయి.

పెద్దనాన్నకి రెండో కంటికి కూడా ఆపరేషన్ ఉంది. ఈసారి బతిమాలాల్సిన పని పడలేదు, డేట్ ఆయనే చెప్పాడు. ఎత్తిపోతల జలపాతం నీళ్లతో నిండేలోపు రెండు కళ్లూ సిద్ధంగా ఉండాలట. హీలియోస్ తనకి కావాలట, టకుమార్ నన్ను తీసుకోమన్నాడు. అడాప్టర్ ఒక్కటే ఉంది కాబట్టి ఇంకోటి ఆర్డర్ పెట్టాను.